బావ లైసెన్స్ మీద బాతుల వేటకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది మెదక్ జిల్లాలో ఒక పల్లె. ఉద్యోగం వల్ల హైదరాబాద్ వచ్చి నిజాంపేటలో స్థిరపడ్డాం. నాకు 46 ఏళ్లు. ఈ డిసెంబర్‌లో టూరిస్ట్ వీసా మీద అమెరికాలో మా అక్కవాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. వాళ్లుండేది టెక్సస్‌లోని కేటీ ఊళ్లో. మా బావ అక్కడ హెచ్‌1బీ మీద ఉన్నాడు. రెండేళ్ల నుంచి ఆఫీసు మిత్రులతో బాతుల వేటకు పోతున్నాడు. "నువ్వూ రా, నా దగ్గర రెండు తుపాకులున్నాయి, నా లైసెన్స్ ఇద్దరికీ సరిపోతుంది" అంటున్నాడు. నిజమేనా? ఇంకో సంగతి. మా నాన్నకు 74 ఏళ్లు. ఆయన పేరు మీద ఎప్పటి నుంచో డబుల్ బ్యారెల్ తుపాకీ, దానికి లైసెన్స్ ఉన్నాయి. తాతతో పోయి చెరువు మీద బాతులు కొట్టిన ముచ్చట్లు ఇప్పటికీ చెప్తాడు. నా స్నేహితుడికి సింగూరు బ్యాక్‌వాటర్ పక్కన ఫాంహౌస్ ఉంది. అమెరికా పోయే ముందు అక్కడ ఒక రోజు ప్రాక్టీస్ చేద్దాం, మీ నాన్న లైసెన్స్ ఉంది కదా, కాదంటే ఎయిర్‌గన్‌కి లైసెన్సే అక్కర్లేదు అంటున్నాడు. ఇక్కడ బాతుల వేటకు పర్మిట్ ఎవరిస్తారు? ఫీజు ఎంత?
— ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ముందు సింగూరు సంగతి తేల్చేద్దాం. టెక్సస్‌కి ఇంకా టైముంది. ఫాంహౌస్ ప్రోగ్రాం మాత్రం మీ స్నేహితుడు ఏ ఆదివారమైనా పెట్టేసేలా ఉన్నాడు.

మన దేశంలో సరదా కోసం అడవి బాతును కొట్టడానికి పర్మిట్ ఇచ్చే ఆఫీసంటూ ఏదీ లేదు. ఫారం లేదు, ఫీజు లేదు, సీజనూ లేదు. అరణ్య భవన్‌కి వెళ్లి అడిగినా, మీ జిల్లా ఫారెస్ట్ ఆఫీసులో అడిగినా ఇదే చెప్తారు. మీ నాన్నగారి ముచ్చట్లు అబద్ధమని కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు అందులో వేట లైసెన్సులు ఉండేవి. పెద్ద జంతువులకు ఒకటి, చిన్నవాటికి ఒకటి, వల పెట్టి పట్టుకోవడానికి ఇంకొకటి. ఏయే నెలల్లో వేటాడకూడదో, ఎన్ని కొట్టొచ్చో రాసి ఉండేది. 1991లో చట్టాన్ని సవరించి, ఆ ఏడాది అక్టోబర్ 2 నుంచి ఆ లైసెన్సుల పద్ధతినే ఎత్తేశారు. అంటే మీ నాన్నగారు నడివయసులో ఉండగానే ఆ తలుపు మూసుకుపోయింది. తర్వాత దాన్ని ఎవరూ తెరవలేదు.

2022లో ఇంకో సవరణ జరిగి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జంతువుల జాబితాలను కుదించి రెండు షెడ్యూళ్లు చేశారు. బాతుల్లో కొన్ని అరుదైనవి మొదటి దాంట్లో, మిగతావి రెండో దాంట్లో ఉన్నాయి. ఏ షెడ్యూల్లో ఉన్నా సెక్షన్ 9 ప్రకారం వేట నిషేధమే. తేడా శిక్షలో. మామూలుగా మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూల్ జీవి అయినా, వేట అభయారణ్యంలో జరిగినా మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, దానికి తోడు కనీసం 25 వేల జరిమానా. సింగూరు కింద మంజీరా మీద ఉన్నది మంజీరా వన్యప్రాణి అభయారణ్యం. మీ స్నేహితుడి ఫాంహౌస్ కంచె ఎక్కడ ముగుస్తుందో, అభయారణ్యం హద్దు ఎక్కడ మొదలవుతుందో నాకైతే తెలియదు. ఆయనకు తెలుసా అని అడిగి చూడండి. బాతుకి మాత్రం ఆ హద్దుతో పనిలేదు, ఇటు లేచి అటు వాలుతుంది.

"కొడితే కదా కేసు, మనకు గురి ఎక్కడ కుదురుతుందిలే" అని నవ్వుకుంటారేమో. చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. చంపబోవడం, పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం, తరమడం అన్నీ వేటే. గూటిని కదిలించినా, గుడ్డు పగలగొట్టినా అంతే. గురి తప్పిన తూటాకి మినహాయింపు లేదు. పట్టుబడితే తుపాకీతో పాటు మీరు వెళ్లిన కారు కూడా పంచనామాలో ఎక్కుతుంది. నేరానికి వాడిన వాహనం, ఆయుధం ప్రభుత్వపరం అయ్యే నిబంధన సెక్షన్ 39లో ఉంది. ఇలాంటి కేసుల్లో జరిమానా కన్నా మనుషులను ఎక్కువగా కుంగదీసేది రేంజ్ ఆఫీసు ఆవరణలో ఎండకు ఎండుతూ పడి ఉన్న సొంత కారే. చక్రాల కింద గడ్డి మొలుస్తుంటుంది. ఈఎంఐ మాత్రం నెలనెలా పోతుంటుంది.

మీ నాన్నగారి లైసెన్స్ సంగతి. అది తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చిన అనుమతి. దాంతో దేన్ని కొట్టొచ్చో చెప్పేది వేరే చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఆత్మరక్షణకు, క్రీడకు, పంట కాపలాకు తుపాకీ లైసెన్స్ ఇవ్వొచ్చని ఉంది. పాత పుస్తకాల్లో 'స్పోర్ట్' అన్న మాట కనిపిస్తే వేటకు పర్మిషన్ ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు ఆ మాటకు షూటింగ్ రేంజ్‌లో టార్గెట్ మీద కాల్చడం తప్ప వేరే అర్థం లేదు. పైగా ఆ లైసెన్స్ ఆయన పేరు మీద ఉంది. ఆ తుపాకీ తీసుకుని ఆయన లేకుండా మీరు సింగూరు దాకా పోతే, బాతు కనిపించకపోయినా మీ మీద ఆయుధాల చట్టం కింద కేసు కట్టొచ్చు. కొడుకు చేతికిచ్చాడని 74 ఏళ్ల మనిషి లైసెన్స్ రద్దయ్యే ప్రమాదమూ ఉంది.

తుపాకీ మీ పేరు మీదికి రావాలనుంటే దానికి సరైన దారి ఉంది. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన ప్రకారం, లైసెన్స్‌దారుకి 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుడికి బదిలీ చేయొచ్చు. మీ నాన్నగారి విషయంలో ఈ పని ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. ఆయన తర్వాత చేయాలంటే తుపాకీని ముందు స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో జమ చేయాలి, వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రాలు తేవాలి. ఆ తిరుగుడు వేరే. మెదక్‌లో అయితే దరఖాస్తు కలెక్టర్ ఆఫీసుకి వెళ్తుంది, హైదరాబాద్ కమిషనరేట్ పరిధిలో ఉండేవాళ్లది పోలీస్ కమిషనర్‌కి. తాత నాటి వస్తువు ఇంట్లో ఉండాలన్న కోరిక న్యాయమైనదే.

ఎయిర్‌గన్ గురించి మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. 0.177 అంగుళాల బోర్ (గొట్టం లోపలి వెడల్పు) లోపు, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్‌గన్ కొనడానికి ఆయుధాల లైసెన్స్ అక్కర్లేదు. ఆ మాట చెప్పిన దుకాణదారు దాంతో పిట్టను కొట్టొచ్చని చెప్పడు. వన్యప్రాణి చట్టంలో 'దేంతో' అన్న ప్రశ్న లేదు. తుపాకీ, ఎయిర్‌గన్, వడిసెల, వల, మందు కలిపిన గింజలు, ఏదైనా ఒకటే. నిజానికి పట్టణాల చుట్టుపక్కల పిట్టలను చంపేవాటిలో ఆటబొమ్మలా కనిపించే ఈ ఎయిర్‌గన్లూ ఉన్నాయి.

మీరు అడగలేదు గానీ ఫాంహౌస్ మాట వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఎవరో పల్లెకారు పట్టిన అడవి బాతు తెచ్చి వండిపెడతామన్నా వద్దనండి. మాంసం దగ్గర ఉంచుకోవడం, కొనడం కూడా నేరమే. బాతు కూర తినాలనుంటే కోతలైన వరి మళ్లలో మందలు మేపుకుంటూ తిరిగే పెంపుడు బాతుల వాళ్లను అడగండి. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. మసాలా దట్టిస్తే రుచిలో తేడా కనిపెట్టేవాడు మీ ఫాంహౌస్‌లో ఉండడని నా నమ్మకం.

ఇక టెక్సస్.

అక్కడ బాతుల వేట చట్టబద్ధం, కానీ అడుగడుగునా కాగితం. మీ బావ చెప్పింది పూర్తిగా తప్పు. ఆయన మాట మీద పోతే ఇబ్బంది బాతుల దగ్గర రాదు, మీ వీసా దగ్గర వస్తుంది. మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇదే, కాస్త నెమ్మదిగా చదవండి.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం టూరిస్ట్, స్టూడెంట్, హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఇది మామూలు నియమం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్లకు పనికొచ్చేది ఒకటి. అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఆ మనిషి దగ్గర ఉంటే తుపాకీ పట్టుకోవచ్చు. అంటే మీకు ఆ లైసెన్స్ కాగితం బాతు కోసం తీసుకునేదే అయినా, దానికన్నా ముందు మిమ్మల్ని కాపాడేది తుపాకీ నేరం నుంచి. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. శిక్ష అంత దూరం పోకపోయినా, తుపాకీ నేరం దేశం నుంచి పంపించేయడానికి కారణం అవుతుంది. తర్వాత వీసా మాట మర్చిపోవాల్సిందే.

'దగ్గర ఉంచుకోవడం' అంటే సొంతంగా కొనుక్కోవడమే కాదు. కేటీలో దిగిన మర్నాడు మీ బావ గ్యారేజ్‌లో బీరువా తెరిచి, పన్నెండు గేజ్ తుపాకీ మీ చేతికిచ్చి, "ఇలా భుజానికి ఆనించు, ఫొటో తీస్తా" అంటాడు. మీరు ఆనిస్తారు. ఆ ఫొటో సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. లైసెన్స్ తీసుకోకముందు ఆ ఒక్క నిమిషమే చాలు. మీ మీద నేరానికి సాక్ష్యం మీరే పోస్ట్ చేసుకున్నట్టు. ప్రాక్టీస్ కోసం షూటింగ్ రేంజ్‌కి పోయినా ఇదే వరస. అందుకే చాలా రేంజ్‌లలో వీసా మీద ఉన్నవాళ్లను వేట లైసెన్స్ చూపించమంటారు.

మీ బావకు కూడా ఈ నియమం వర్తిస్తుంది, ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి. హెచ్‌1బీ మీద ఉండి ఇంట్లో రెండు తుపాకులు పెట్టుకున్నాడంటే, ఆయన వేట లైసెన్స్ ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా నడుస్తుండాలి. టెక్సస్‌లో ఏడాది లైసెన్సుల గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. బాతుల పెద్ద సీజన్ నవంబర్‌లో కదా, అప్పుడు తీసుకుందాంలే అని సెప్టెంబర్, అక్టోబర్ వదిలేస్తే, ఆ రెండు నెలలూ బీరువాలో ఉన్న తుపాకులు ఆయన మెడకు చుట్టుకుంటాయి. గ్రీన్ కార్డ్ వచ్చిందంటే ఈ గొడవ ఉండదు. అప్పటిదాకా ఆగస్టు నెలలో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోమనండి.

మీరు తీసుకోవాల్సినవి ఇవీ. మీరు ఆ రాష్ట్రవాసి కారు కాబట్టి నాన్ రెసిడెంట్ లైసెన్స్ కావాలి. ఏడాది మొత్తానికి జనరల్ లైసెన్స్ 315 డాలర్లు, దాని జోలికి పోకండి. వరసగా ఐదు రోజులకు పనికొచ్చే స్పెషల్ లైసెన్స్ 48 డాలర్లకు దొరుకుతుంది, బాతులు అందులోకి వస్తాయి. దాని మీద వలస పక్షుల ఎండార్స్‌మెంట్, అంటే అదనపు అనుమతి, 7 డాలర్లు. కొనేటప్పుడే కిందటి ఏడాది ఏమేం కొట్టారని రెండు మూడు ప్రశ్నలు అడుగుతారు. దాన్ని హిప్ సర్టిఫికేషన్ అంటారు. ఏమీ కొట్టలేదని చెప్పండి, లైసెన్స్ మీద హిప్ అని అచ్చు పడుతుంది. అది పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. వాల్‌మార్ట్ లాంటి దుకాణాల్లో స్పోర్ట్స్ విభాగంలోనే ఇవన్నీ ఇస్తారు, పాస్‌పోర్ట్ వెంట తీసుకెళ్లండి. రేట్లు మారుతుంటాయి, కొనే ముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల సైట్ ఒకసారి చూడండి.

ఐదు రోజుల లైసెన్స్‌లో ఒక మెలిక ఉంది. ఆరో రోజు పొద్దున్న నుంచి మీకు వేట లేదు. దాంతో పాటే ఇందాక చెప్పిన మినహాయింపూ పోతుంది. వేట అయిపోయింది కదా, తుపాకీ తుడిచి పెడదాం అని ఏడో రోజు చేతిలోకి తీసుకోకండి. ఆ పని మీ బావ చేసుకుంటాడు.

తర్వాత హంటర్ ఎడ్యుకేషన్. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ టెక్సస్‌లో ఈ కోర్సు తప్పనిసరి, బయటి నుంచి వచ్చినవాళ్లకు కూడా. మీ వయసుకి మీరు అందులోకి వస్తారు. 17 దాటినవాళ్లు ఆన్‌లైన్‌లో చేయొచ్చు. కుదరకపోతే 10 డాలర్లు కట్టి జీవితంలో ఒక్కసారి వాయిదా తీసుకోవచ్చు. అలా తీసుకుంటే కోర్సు పూర్తి చేసిన లైసెన్స్‌దారు పక్కనే ఉండాలి. నా మాట వింటే వాయిదా వద్దు, కోర్సే చేయండి. తుపాకీ మూతి ఎటు ఉండాలి, కంచె దాటేటప్పుడు ఏం చేయాలి, పక్కవాడు ఎటు కాలుస్తాడు లాంటివి మన సినిమాలు నేర్పవు.

అన్నిటికన్నా నాకు నచ్చిన కాగితం ఫెడరల్ డక్ స్టాంప్. 16 ఏళ్లు నిండిన ప్రతి బాతు వేటగాడూ ఏటా కొనాలి. 25 డాలర్లు, జులై 1 నుంచి మరుసటి ఏడాది జూన్ 30 దాకా చెల్లుతుంది. పోస్టాఫీసు స్టాంప్ కన్నా కాస్త పెద్దది, మీద ఒక బాతో, పెద్దబాతో అచ్చమైన రంగుల్లో ఉంటుంది. బొమ్మ ఏటా పోటీ పెట్టి ఎంచుతారు. జేబులో ఉంటే చాలదు, స్టాంప్ మీద ఇంకు పెన్నుతో అడ్డంగా సంతకం చేయాలి. సంతకం లేని స్టాంప్ ఉన్నా లేనట్టే లెక్క. ఇప్పుడు ఫోన్‌లో ఉండే ఈ-స్టాంప్ కూడా సీజన్ మొత్తానికి చెల్లుతుంది, మీరు అదే తీసుకుంటే సులువు. కానీ కాగితం స్టాంప్‌ను ఫ్రేమ్ కట్టించుకునేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.

ఈ స్టాంప్ 1934లో పుట్టింది. అప్పుడు ధర ఒక డాలర్. కరువుతో, దుమ్ము తుపానులతో తడి నేలలు ఎండిపోయి బాతులు తగ్గిపోతుంటే, వాటిని కొట్టేవాళ్ల దగ్గరే డబ్బు వసూలు చేసి వాటికి చెరువులు కొనిపెట్టాలని ఆలోచించారు. ఇప్పటికీ ప్రతి డాలర్‌లో 98 సెంట్లు అందుకే పోతాయి. ఇలా 60 లక్షల ఎకరాలకు పైగా కాపాడుకున్నారు. వేట గురించి మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, నాకు స్వయంగా దాని మీద మోజు లేదు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. వాళ్లు బాతును కాల్చి చెరువును దక్కించుకున్నారు. మనం బాతు మీద చేయి వేయకుండా చెరువుకే ప్లాట్లు కొట్టి అమ్ముకున్నాం. నిజాంపేటలో ఉంటున్న మీకు ఇది నేను విడమరిచి చెప్పాలా?

నీళ్లలోకి దిగాక ఉండే నియమాలు ఎక్కువగా ఫెడరల్‌వే. వలస పక్షి ఏ ఒక్క రాష్ట్రానిదీ కాదని 1916లో కెనడా తరఫున బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని, 1918లో చట్టం చేశారు. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టి సూర్యాస్తమయానికి ఆపాలి. తుపాకీలో ఒక్కసారికి మూడు తూటాలకు మించి పట్టకూడదు. ఎక్కువ పట్టే తుపాకీ అయితే లోపల ఒక అడ్డుపుల్ల బిగించి ఉండాలి. మన దగ్గర ఫారెస్ట్ గార్డు సంచి వెతికినట్టు అక్కడ గేమ్ వార్డెన్ వస్తాడు. పడవ ఒడ్డుకు చేరేసరికి నవ్వుతూ పలకరిస్తాడు. తుపాకీ తీసుకుని నాలుగో తూటా దూరుతుందేమో తోసి చూస్తాడు. తర్వాత తూటాల సంచి. 1991 నుంచి దేశమంతటా బాతుల వేటకు సీసం గుళ్లు నిషేధం. స్టీల్ లాంటి విషం కానివే వాడాలి. చెరువు అడుగున పడిన సీసం గుళ్లను బాతులు గులకరాళ్లనుకుని మింగి చచ్చిపోయేవి, వాటిని తిన్న గద్దలూ చచ్చేవి. సంచి అడుగున ఎప్పుడో పావురాల వేటకు కొన్న ఒక్క సీసం తూటా మిగిలి ఉన్నా జరిమానా పడుతుంది. బావ ఇచ్చిన సంచి కదా అని నమ్మకండి. బయల్దేరే ముందు రాత్రి మంచం మీద బోర్లించి ఒక్కో డబ్బా చూసుకోండి.

కోటా విషయంలో మనవాళ్లు బోల్తా పడతారు. టెక్సస్‌లో మామూలుగా మనిషికి రోజుకి ఆరు బాతులు. అందులో ఫలానా జాతివి ఇన్నే అని లోపల ఇంకో లెక్క ఉంటుంది, అది ఏటా మారుతుంది. మీ ఆరు మీవి, బావ ఆరు బావవి. "నీకు గురి లేదు, నీ కోటా కూడా నేనే కొట్టేస్తా" అనడం అక్కడ నేరం. ఎవరి బాతులు వాళ్లు విడిగా పెట్టుకోవాలి, అన్నీ కలిపి ఒకే కుప్ప పోస్తే ఎవరు ఎన్ని కొట్టారో తేలదు. మీ బాతులు బావ కారులో పంపించాలంటే వాటికి ఒక చీటీ కట్టాలి. చీటీ మీద మీ సంతకం, అడ్రస్, ఎన్ని, ఏ జాతి, ఏ రోజు కొట్టారో ఉండాలి. ఇల్లు చేరేదాకా ప్రతి బాతుకూ ఈకలతో ఉన్న ఒక రెక్కో, తలో అలాగే వదిలేయాలి. జాతి గుర్తుపట్టడానికి అదే ఆధారం. కాలికి అల్యూమినియం కడియం కనిపిస్తే దాని నంబర్ ప్రభుత్వానికి తెలియజేయమంటారు. ఆ పక్షి ఎక్కడ, ఎప్పుడు దొరికి కడియం వేయించుకుందో మీకు తిరిగి చెప్తారు.

కేటీ చుట్టుపక్కల వరి పండిస్తారు. కోసిన వరి మడిలో రాలిన గింజల కోసం బాతులు దిగితే ఫరవాలేదు, అది వ్యవసాయంలో భాగం. ఎవరో బస్తా తెచ్చి గింజలు చల్లి ఉంటే అది ఎర. గింజలన్నీ ఎత్తేశాక కూడా పది రోజుల దాకా ఆ చోట వేటాడకూడదు. "నాకు తెలియదు" అంటే కుదరదు, తెలుసుకోవాల్సిన బాధ్యత మీదే అంటుంది చట్టం. భూమి ఎవరిదో, లీజు ఎవరి పేరు మీద ఉందో, ఎర ఏమైనా వేశారా అని ముందే నోరు తెరిచి అడగండి. అక్కడ అలా అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. తేదీలు కూడా చూసుకోండి. రాష్ట్రాన్ని మూడు జోన్లుగా చేసి ఒక్కోదానికి వేర్వేరు సీజన్ పెడతారు, మధ్యలో కొన్ని రోజులు మూసేస్తారు. మీ టికెట్ల తేదీలు ఆ మూసిన రోజుల్లో పడ్డాయంటే ఇంత చదివిందీ వృథా.

ఇవన్నీ చూసి తల తిరిగితే దీనికి తేలికైన దారి ఒకటుంది. తుపాకీ ముట్టుకోకుండా బావతో పోయి పక్కన కూర్చుని చూడండి. చూడటానికి లైసెన్స్ అక్కర్లేదు. తుపాకీ మోసిపెట్టడం, "ఒక్క నిమిషం పట్టుకో" అంటే పట్టుకోవడం మాత్రం చేయకండి. తెల్లవారుజామున చలిలో ఫ్లాస్క్‌లో టీ పట్టుకుని కూర్చోవడానికి ఎవరి పర్మిషనూ వద్దు.

అక్కడి నుంచి ఈకలు, ఎండబెట్టిన రెక్కలు, స్టఫ్ చేసిన బాతు, మాంసం ఏవీ సూట్‌కేసులో పెట్టుకుని రాకండి. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లకు సమాధానం చెప్పలేరు. ఫొటోలు తెచ్చుకోండి, లైసెన్స్ తీసుకున్న తర్వాతి తేదీవి.

ప్రాక్టీస్ గురించి అడిగారు. గురి కోసమైతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజ్ ఉంది, కోచ్ దగ్గర నేర్చుకోవచ్చు. కానీ మీకు గురికన్నా ముందు కావాల్సింది ఎగిరే బాతును చూసి జాతి చెప్పడం. అక్కడి కోటా లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇది మాత్రం ఇక్కడే, పైసా ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు. టెక్సస్‌లో కనిపించే పిన్‌టెయిల్, షోవెలర్, గాడ్వాల్ బాతులు మూడూ చలికాలంలో మన చెరువులకు కూడా వస్తాయి. అక్కడివి కెనడా వైపు నుంచి దిగితే, ఇక్కడివి హిమాలయాలకు అవతలి నుంచి వస్తాయి, జాతి మాత్రం ఒకటే. నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకి వెళ్లండి, మీ నిజాంపేటకు పెద్ద దూరమేమీ కాదు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరం మధ్య చెరువుకి దేశంలో ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. బైనాక్యులర్స్ లేకపోతే అక్కడికి వచ్చే పక్షి ప్రేమికులను అడగండి, కాదనరు.

మగ షోవెలర్‌కి తల ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. కొత్తవాళ్లు అమెరికాలో దాన్ని చూసి, అలాగే ఆకుపచ్చ తల ఉండే మల్లార్డ్ అనే ఇంకో బాతు అనుకుంటారు. ముక్కు చూడండి, చివర చెంచాలా వెడల్పై ఉంటుంది, నీళ్లలో ముక్కు ఆనించి జల్లెడ పట్టినట్టు తిరుగుతుంటుంది. పిన్‌టెయిల్‌కి మెడ సన్నగా పొడుగ్గా, తోక సూదిలా ఉంటుంది, ఎగిరేటప్పుడు ఆ సన్నదనమే గుర్తు. గాడ్వాల్ దూరం నుంచి బూడిద రంగులో ఏ ప్రత్యేకతా లేనట్టు కనిపిస్తుంది, రెక్క విప్పితే వెనక అంచున తెల్లటి చతురస్రం మెరుస్తుంది. ఆడ బాతులు మూడు జాతుల్లోనూ గోధుమ రంగే, అసలు పరీక్ష అక్కడే. మీ నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. నలభై ఏళ్ల కిందట చీకట్లో రెక్కల చప్పుడు విని బాతు పేరు చెప్పిన మనిషైతే, మీకు ఆ రోజు గైడ్ ఆయనే.